ఎడమ భుజానికి ఎత్తిన తుపాకి

కర్దనూర్,
ఆదివారం.

చిరంజీవి నిషితకు అమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ మీ నాయన, నాయనమ్మ, నేను మా మా పనులతో బాగానే ఉన్నాం. నువ్వు అక్కడ వేళకు తిని, వేళకు పడుకుంటున్నావనే నమ్మకంతో ఉన్నాం. మీ నర్సింగ్ హాస్టల్లో ఆదివారం ఫోన్ ఇచ్చే పది నిమిషాలూ నాయనమ్మకే సరిపోతాయి. అందుకే ఉత్తరం. పైగా ఇందులో ఒక సంగతి ఉంది, నోటితో చెప్పలేను.

నువ్వు అడిగినవి ముందు చెప్తాను. నాయనమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నువ్వు పంపిన మందు వాసన బాగుందంటుంది, నొప్పి తగ్గిందా అంటే మాట మారుస్తుంది. మీ నాయన గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడుపుతూనే ఉన్నాడు. నడుము పట్టేసిందని రెండు రోజులు ఇంట్లో ఉండి మళ్ళీ పోతున్నాడు. ఇక "అమ్మా, నువ్వు తుపాకి పట్టుకున్న ఫోటో నిజమేనా?" అని రాశావు. నిజమే.

ఈ ఏడు మా చుట్టుపక్కల కంపెనీల వాళ్ళంతా కలిసి ఆటల పోటీలు పెట్టారు. అందులో ఆడవాళ్ళకు ఎయిర్ రైఫిల్ పోటీ కూడా ఉంది. మా సూపర్‌వైజర్ లక్ష్మీకాంతం సారు నేరుగా నేను మందు సీసాల్లో నలుసులు వెతికే బల్ల దగ్గరికే వచ్చాడు. "సోమమ్మా, పన్నెండేండ్ల సంది సీసాలల్ల సన్న నలుసు గూడ ఇడిశిపెట్టని కండ్లు నీయి. నువ్వు గాక ఇంకెవరు కొడ్తరు?" అన్నాడు. నేను వద్దన్నా వినకుండా పేరు రాసేశాడు.

అమీన్‌పూర్‌లో ఒక బిల్డింగు మూడో అంతస్తులో నేర్పుతారు. ఆరు రోజులు ఇంజక్షన్ సీసాలు చూసి చూసి, ఏడో రోజు రెండు ఆటోలు మారి అక్కడికి పోయేదాన్ని. నేర్పే పిల్ల పేరు స్నేహలత. నీకంటే నాలుగేళ్ళు పెద్దదేమో. "తుపాకంటే భయమా ఆంటీ?" అని అడిగింది. "భయం కాదు బిడ్డా, బరువు" అన్నాను. నవ్వింది.

తుపాకి కొసన చిన్న ఇనుప పుల్ల ఉంటుంది. దాన్ని వెనకున్న గాడి మధ్యలో నిలబెట్టి, ఎదురుగా దూరంగా పెట్టిన అట్ట మీది నల్లటి గుండ్రాన్ని దాని నెత్తి మీద కూర్చోబెట్టాలి. ఒక కన్ను మూసి, ఊపిరి సగం వదిలి, ట్రిగ్గర్ మెల్లగా నొక్కాలి. చెప్పినంత తేలిక కాదు. మొదటి రోజు ఇంటికొస్తే అన్నం కలపడానికి చెయ్యి లేవలేదు.

ఆ మొదటి రోజే ఒకటి జరిగింది. పుల్ల నాకు వంకరగా కనబడింది. "బిడ్డా, ఇది వంగింది, ఇంకోటియ్యి" అన్నాను. ఆ పిల్ల చూసి "సీదానే ఉందాంటీ" అంది. అయినా ఇంకో తుపాకి ఇచ్చింది. దాని పుల్ల కూడా వంకరే. అప్పుడు నా కుడికన్ను తన అరచేత్తో మూసి, ఎడమ కంటితో చూడమంది. రెండు పుల్లలూ నిటారుగా ఉన్నాయి.

"ఆంటీ, తుపాకిల ఏం లేదు. మీ కన్నుల ఉంది. రేపే డాక్టర్‌కు చూపించుకోండ్రి."

"చూపించుకుంట. కంపెనీల మాత్రం చెప్పకు" అన్నాను.

ఆమె తుపాకి తీసి నా ఎడమ భుజానికి ఆనించింది. చిన్నపిల్ల ఎడమ చేత్తో బువ్వ తిన్నట్టు మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను.

పోటీలో పంతొమ్మిది మందిమి. తలా ఇరవై పెల్లెట్లు, అంటే చిన్న గుళ్ళు. నా మొదటి దెబ్బ అసలు అట్టకే తగలలేదు. పక్కనున్న అమ్మాయి నవ్వు ఆపుకోవడం వినబడింది. పన్నెండోది సరిగ్గా నడిమధ్యలో పడింది. ఎలా పడిందో నాకు తెలియదు. మొత్తం రెండు వందలకు నూట పద్దెనిమిది వచ్చాయి, పదకొండో స్థానం. బహుమతి లేదు. కానీ ఆ గంటసేపు ఒంటి కంటితోనైనా నేను దొంగతనం లేకుండా చూశాను బిడ్డా.

దొంగతనం అని ఎందుకన్నానో ఇప్పుడు రాస్తాను.

పోటీకి రెండు నెలల ముందు కంపెనీలో కళ్ళ పరీక్ష జరిగింది. కుడి కంటికి కింది వరస అక్షరాలు అలికేసినట్టున్నాయి. ముందు నిలబడ్డ వాళ్ళు చదువుతుంటే విని గుర్తు పెట్టుకుని అప్పజెప్పాను. అలసట అనుకున్నాను. నలభై మూడేళ్ళకు చూపు మందగించడం మామూలే అనుకున్నాను. కానీ అమీన్‌పూర్‌లో ఆ పుల్ల వంకరగా కనబడ్డాక అలా అనుకోవడానికి లేదు. తెలిసి కూడా ఇంకో మూడు వారాలు అదే బల్ల దగ్గర కూర్చుని, సీసాలను తెల్ల అట్ట ముందు, నల్ల అట్ట ముందు తిప్పి, బాగున్నాయని పంపించాను. ఆ బల్ల పోతే నేనెవరినో నాకే తెలియదు. అదే నా భయం.

పోటీ మర్నాడు సారు నన్ను కొత్తగా చేరిన ఆడపిల్లల ముందు నిలబెట్టాడు. "గీ కండ్లు జూడుండ్రి. ఇగ మీకు సీసాలు జూసుడు సోమమ్మనే నేర్పుతది" అన్నాడు. వాళ్ళందరివీ నీ ఈడు ముఖాలు. నాకు నిలబడ బుద్ధి కాలేదు. సారు వెనకే గదిలోకి పోయాను.

"సార్, నా కుడికన్ను మంచిగ కనబడ్తలేదు."

"ఎప్పటి సంది?"

"తెల్వది సార్. కండ్ల పరీక్షల గూడ ముందోళ్ళు సదివింది యాదికి పెట్టుకొని చెప్పిన."

ఆయన అరవలేదు. కుర్చీలో వెనక్కి వాలి, "ఎంత పని జేసినవ్ సోమమ్మా" అని ఒక్కమాట అన్నాడు. అరిచినా బాగుండేది.

నేను చూసిన సరుకులో కంపెనీ గోదాములో మిగిలిందంతా ఆపేశారు. నాతో పనిచేసేవాళ్ళు పది రోజులు ఆ సీసాలన్నీ మళ్ళీ చూశారు. తొమ్మిదింట్లో నలుసులు దొరికాయి. అంతకుముందే బయటికి పోయిన వాటిని వెనక్కి పంపమని ఉత్తరాలు రాశారు. ఎన్ని వచ్చాయో, ఎన్ని రాలేదో నాకు ఎవరూ చెప్పరు. నా పక్క బల్ల బీరమ్మ పన్నెండేళ్ళు నాతో ఒకే డబ్బాలో తిన్నది. ఇప్పుడు నన్ను చూసి తల తిప్పుకుంటుంది. నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. అట్టపెట్టెలు మడిచే చోట కూర్చోబెట్టారు. పొద్దంతా పెట్టెలు మడుస్తాను, ఇంటికొచ్చి పడుకుంటాను. మీ నాయన మంచినీళ్ళు తెచ్చి పక్కన పెడతాడు.

కంటి తెర వెనక నీరు చేరిందని డాక్టర్ చెప్పాడు. నెలకొకటి చొప్పున మూడు ఇంజక్షన్లు కంట్లోనే ఇవ్వాలట. మొన్న బుధవారం మొదటిది ఇచ్చారు. బల్ల మీద పడుకుంటే నర్సు మందు సీసా తీసింది. సూదికి నేను భయపడలేదు.

"బిడ్డా, ఆ సీసా ఒక్కసారి లైటుకు వట్టి సూడరాదు" అన్నాను.

ఆ పిల్ల నవ్వింది. "గవన్ని కంపెనీల జూసినంకనే వస్తయమ్మా. పరేషాన్ గాకు."

కన్ను తెరిచి పెట్టుకుని పడుకున్నాను.

బిడ్డా, నీ వార్డులో ఎవరైనా నిన్ను అలా అడిగితే నవ్వకు. సీసాను లైటు కింద పట్టి తిప్పి చూడు. తర్వాతే సూది గుచ్చు.

ఇట్లు,
నిన్ను కన్న అమ్మ,
సోమమ్మ.