పైన ఒక్కచోట ఊరి పేరు

శుక్రవారం, మే 2009, వనపర్తి

మా మూడు రక్తపరీక్షల ల్యాబులకు కంప్యూటర్లో మూడు సెట్టింగుల ఫైళ్లు, రిపోర్టు ఎలా అచ్చవ్వాలో చెప్పే యామల్ ఫైళ్లు. ఒక్కోదాంట్లో ఊరి పేరు పదకొండు చోట్ల. పోయిన నెల నేను ఒకచోట మార్చడం మరిచిపోతే, నాగర్‌కర్నూల్ రిపోర్టు మీద గద్వాల చిరునామా పడింది. పాపం, ఒక పెద్దాయన బస్సెక్కి అక్కడిదాకా పోయాడు.

ఈరోజు పేరును ఫైలు పైన ఒక్కసారే రాసి, చిరునామా, శీర్షిక అన్నీ దాన్నే తీసుకునేలా చేశాను. టెక్నీషియన్ ఖలీల్ భాయ్‌కి నమ్మకం కుదరలేదు. అక్కడ తన ఊరు గట్టు పేరు టైపు చేసి చూశాడు. రిపోర్టు నిండా గట్టే!

"సూడు చెల్లె, మా గట్టుకు గూడ ల్యాబ్ వచ్చింది! జర ఒక కాపీ తియ్యి, అమ్మీకి చూపిస్త."

ఇద్దరం పడీ పడీ నవ్వాం. ఆ సంబరంలో మళ్లీ అసలు పేరు పెట్టకుండానే ఇంటికి వచ్చేశాను. రేపు ల్యాబ్ తెరవగానే మార్చాలి. ఒక్క మాటే. కానీ ఆయన చూస్తుండగా గట్టును ఎట్లా చెరపను...