రుచి చూడని కూర

బావా,

నువ్వు నేర్పిన అక్షరాలతోనే రాస్తున్నాను. నిన్నటికి నువ్వు పోయి ఏడాది. నీ తమ్ముడు కంట్రోలు కిరసనాయిలు కోసం నిన్న పొద్దున్నే నరసరావుపేట వెళ్లాడు. ఇంట్లో అత్తా నేనూ మిగిలాం. ఎండుమిరపకాయలూ ధనియాలూ రోట్లో నూరి, నీకిష్టమైన మూలగబొక్కలు వేసి, వేటకూర కుండలో వండాను. నీకు పెట్టేదాకా ఎంగిలి చేయకూడదు కదా, రుచి చూడలేదు.

విస్తట్లో వడ్డించి, తలుపు దగ్గరగా వేసి, ఇద్దరం అరుగు మీద కూర్చున్నాం. కాసేపటికి లోపలికి వెళ్తే, కూరలో వేద్దామని మూకుట్లో తీసిపెట్టిన ఉప్పు పొయ్యి పక్కన అలాగే ఉంది. నీకు చప్పటి కూర పెట్టానని ఆ మూకుడు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

అత్త అప్పటికే విస్తట్లోంచి ముద్ద తీసుకుంది. "ఏందే అట్టా నిలబడ్డావ్? ఉప్పు చక్కగా సరిపోయింది," అంది. కుండలోది నేనూ నాలిక మీద వేసుకున్నాను. నిజమే.

నేను వండిన కూరలో నువ్వు చాటుగా ఉప్పు వేసేవాడివి. ఉప్పుజాడీ మూత మాత్రం పెట్టేవాడివి కాదు, నేను అరిచేదాన్ని.

నిన్న పొద్దున ఆ మూత నేనే బిగించాను. వెళ్లి చూస్తే తీసి ఉంది.

ఈసారి అరవలేదు బావా. మూత ఇంకా పెట్టలేదు.