అవ్వ పంపిన పసుపు

బాన్సువాడ,
దసరా వెళ్లిన మూడోనాడు

ముత్తెన్న అన్నకు తమ్ముడు పండరి దండాలు. నా ఒంటికి ఏమీ కాలేదు, ఫికర్ చేయకు. ఈ కార్డు నీలో నువ్వే చదువుకో, అవ్వకు వినిపించకు.

పండుగనాడు ఇక్కడ మా బెలూన్ ఆట పెట్టించాను. బెలూన్‌ను వేడి పొగతో నింపడం, మా ఆటగాడు దేవిదాస్ దాంతో పైకి పోయి పారాచూట్ గొడుగుతో దూకడానికి అన్నీ సిద్ధం చేయడం నా పనే కదా. ఆయుధపూజ అని, అవ్వ పంపిన పసుపు తడిపి, మడిచిన పట్టుగొడుగుకు గడపకు పూసినట్టు దట్టంగా పూశాను. అది ఎండి మడతలు అతుక్కున్నాయి. గొడుగు విచ్చుకోక దేవిదాస్ చెరకుతోటలో పడ్డాడు.

దవాఖానలో రెండు రోజులు బతికాడు. పోలీసు అమీన్ వచ్చి అడిగితే, "గాలి మర్లింది సాబ్. పండరన్న తప్పేం లేదు" అన్నాడు. అతని గోళ్లలో పసుపు ఉంది. మడతలు విడదీయాలని పైన గీకినట్టున్నాడు.

రేపు డోంగ్లికి పోయి దేవిదాస్ వాళ్లమ్మకు నేనే చెప్పాలి. తర్వాత ఇంటికే వస్తాను, ఇక ఈ పని చేయను. ఎర్రావు ఈనిందా? వరికోతకు నన్ను కూడా లెక్కపెట్టుకో. వదినకు దండాలు, పిల్లలకు దీవెనలు.

అవ్వ అడిగితే, పసుపు పూజకే వాడానని చెప్పు.

పండరి