రిసాలి నుంచి సెక్టర్ 2 దాకా ప్రాణాలతో నడిచే దారి కోరుతూ

పట్టణ రహదారుల, రవాణా విభాగపు అధికారి శ్రీ రామమోహనరావు గారి సముఖమునకు,
రిసాలి నివాసి, ఈ-రిక్షా నడుపుకొను జీరాడ రత్నం వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: రిసాలి – సెక్టర్ 2 రోడ్డుపై నడిచేవారికీ, సైకిళ్ళవారికీ వేరు దారి, షేర్ రిక్షాలకు ఒక స్టాండు ఏర్పాటు చేయుట గురించి; మరియు ఆ రోడ్డుపై జరిగిన దౌర్జన్యము గురించి.

ఇక్కడి ఆఫీసుల్లో హిందీయే నడుస్తుంది గనుక ఈ అర్జీకి హిందీ ప్రతి జతపరిచాను. కోర్టు దగ్గర టైపిస్టు దాన్ని రాసిపెడుతూ, "అమ్మా, ఇలాంటివి అధికారులకు రాయకూడదు" అని నేను చెప్పినవాటిలో చాలా తీసేశాడు. తమరు విజయనగరం వైపువారని తెలిసి, తీసేసినవి కూడా కలిపి తెలుగులో నా చేత్తో రాస్తున్నాను. నేను శ్రీకాకుళం జిల్లాలో పదో తరగతి దాకా చదివాను. తప్పులుంటే మన్నించగలరు.

1. మా వీధి రిసాలిలో అన్నిటికన్నా చివర ఉంది. బస్సు అక్కడిదాకా రాదు. సెక్టర్ 2 వైపు ఇళ్ళలో వంటపనికి వెళ్ళే ఆడవాళ్ళు, బడిపిల్లలు, ఆస్పత్రికి వెళ్ళే ముసలివాళ్ళు, అందరికీ ఆ రోడ్డే గతి. నేను ఈ-రిక్షా తీసుకుని మనిషికింతని షేర్ మీద నడపడం మొదలుపెట్టాను. నా బండిలో మొదట ఎక్కింది అచ్చమ్మ. ఆమెది వంటపని, మోకాళ్ళ నొప్పులు. ఆమె తర్వాత వీధి అంతా ఎక్కింది.

మా ఎదురింటి పరంధామయ్య గారు ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లు నుంచి రిటైరయ్యారు. ఉద్యోగమున్నన్నాళ్ళూ సైకిల్ మీదే డ్యూటీకి వెళ్ళిన మనిషి. ఆయన ఇంటింటికీ తిరిగి, "కుర్రోళ్ళారా, పాలపేకెట్టుకి కూడా మోటర్‌సైకిలేటిరా? ఆడోళ్ళూ పిల్లలూ రత్నం బండెక్కండి, మగోళ్ళు నాతో సైకిలెక్కండి, దగ్గరైతే నడండి" అని చెప్పి చెప్పి చాలామంది చేత బళ్ళు ఇంట్లో పెట్టించారు. పొద్దున్నపూట బడి ముందు గుంపులుగా నిలబడే వాహనాలు తగ్గాయి. అది మాకు సంతోషంగా ఉండేది.

2. ఆ సంతోషం శ్యామసుందర్‌కు నచ్చలేదు. ఇతను బడిపిల్లల వ్యాన్లు, అద్దె ఆటోలు తిప్పుతాడు. మా ఆయన నరసింగరావుకు ఊరి వరసన తమ్ముడు, నన్ను వదినా అంటాడు. ఒకరోజు నా బండికి అడ్డంగా కారు పెట్టి దిగాడు.

"వదినా, నా వ్యాన్లు ఖాళీగా తిరుగుతున్నాయి. ఈ షేర్ దందా బంద్ చెయ్యి."

"రోడ్డు నీదేటి బావూ?" అన్నాను.

"రోడ్డు నాది కాదు. కానీ రోడ్డు మీద ఎవులు మిగలాలో నేను చూసుకుంటాను" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. బండిలో ఉన్న పిల్లలు కూడా నవ్వారు, వాళ్ళకు అర్థం కాక.

3. అటుపై వారంలోనే నా బండి టైర్లు కోశారు. సీట్లు కత్తితో చీల్చారు. కుట్టించుకుని మళ్ళీ తీశాను. అప్పుడు శ్యామసుందర్ దగ్గర వ్యాను తోలే మనోజ్‌కుమార్ అనేవాడు, ఇంకో ఇద్దరితో వచ్చి, సెంటర్లో బండి ఆపి, ఎక్కినవాళ్ళను దిగమన్నాడు. వాడు తెలుగు ఇంటివాడే గాని ఇక్కడే పుట్టి పెరిగాడు, నోట్లో ఎక్కువ హిందీయే. "ఏ బుఢియా, ఉతర్!" అని, ముసలిదానా దిగమంటూ అచ్చమ్మను జుట్టు పట్టి లాగాడు. అచ్చమ్మ వాడి ముఖం మీద ఉమ్మింది. వాడు ఆమెను కింద పడేసి కడుపులో తన్నాడు. ఒకసారి కాదు. చుట్టూ నిలబడినవాళ్ళు ఫోన్లు పైకెత్తి వీడియోలు తీశారు. ఒక్కరి చెయ్యి కూడా ఆమెను లేపడానికి కిందికి రాలేదు.

ఠాణాకు వెళితే, "ఒకే ఊరివాళ్ళు, కూచుని మాట్లాడుకోండి" అన్నారు. అచ్చమ్మ రెండ్రోజులు నెత్తురు మూత్రం పోసుకుంది. టైపిస్టు ఈ వాక్యం తీసేశాడు.

4. అచ్చమ్మను కొట్టిన రోజు రాత్రి మా ఆయన నాతో పోట్లాడాడు. "మానీవే! నువ్వు సస్తే నానేటైపోవాలే?" అని ఏడ్చాడు. నేను మాననన్నాను. పొద్దున్న లేచేసరికి వాకిట్లో పరంధామయ్య గారూ, ఇంకొందరూ సైకిళ్ళతో నిలబడి ఉన్నారు. బండికి ముందు కొందరు, వెనక కొందరు, రోడ్డు వైపు పరంధామయ్య గారు. అలా మమ్మల్ని మధ్యలో పెట్టుకుని సెక్టర్ 2 దాకా తీసుకెళ్ళారు. మా ఆయన కూడా తన సైకిలు తీసి వెనక చేరాడు. కొన్నాళ్ళు అలాగే గడిచింది. మాకు ధైర్యం వచ్చింది. అంత రాకుండా ఉండవలసింది.

5. బడిగోడ దగ్గర మలుపులో రోడ్డు ఇరుకు. ఒక పక్క గోడ, ఒక పక్క లోతు కాలువ, నడవడానికి అరుగు లేదు. దీపావళి వెళ్ళిన తర్వాత ఒక సోమవారం పొద్దున్న, మేము ఆ మలుపులో ఉండగా మనోజ్‌కుమార్ వ్యాను మా పక్కకు వచ్చింది. హారన్ కొట్టలేదు. పక్కకు వచ్చి, తలతిప్పి నన్ను చూసి, స్టీరింగు మా మీదికి తిప్పాడు.

పరంధామయ్య గారు వ్యానుకూ నా బండికీ మధ్యన ఉన్నారు. ఆయన కాలు సైకిలు కడ్డీకీ నా బండి చట్రానికీ మధ్య నలిగింది. ఆ చప్పుడు నేను విన్నాను. ఆయన అరవలేదు, ముందు అరిచింది నేనే. బండి పల్టీకొట్టి కాలువలో పడింది. కొత్తగా మాతో వస్తున్న సౌమ్య అనే ఆరో తరగతి పిల్ల ముందు పళ్ళు రాలిపోయాయి, ఆ పిల్ల వాటిని చేతిలో పట్టుకుని చూసుకుంటోంది.

సైకిలు వ్యాను కింద ఇరుక్కోవడంతో మనోజ్‌కుమార్ పారిపోలేకపోయాడు. ఇనుప రాడ్డు పట్టుకుని దిగాడు. నేను కాలువలోంచి పాకి పైకొచ్చేసరికి నా భుజం మీద కొట్టాడు. నా బండి సీటు కింద చక్రాలు విప్పే పానా ఉంటుంది. అది తీసి వాడి మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగింది. రాడ్డు జారిపోయింది. వాడు కూలబడి, "దీదీ, బస్, బస్" అంటూ ఇక చాలని బతిమాలాడు. నేను అదే చేతి మీద మళ్ళీ కొట్టాను.

హిందీ ప్రతిలో ఈ రెండు దెబ్బలనూ ఆత్మరక్షణ అని రాశారు. మొదటిది ఆత్మరక్షణ. రెండోది కాదు అయ్యా. మూడోది వాడి తల మీద వెయ్యడానికి పానా ఎత్తాను. అచ్చమ్మ వెనకనుంచి నా నడుం పట్టుకుని వేలాడింది.

"సంపీకే రత్నం! ఆణ్ణి సంపితే నువ్వు జైలుకెల్తావు. రేపు మమ్మల్నెవులు తీస్కెల్తారే?"

ఆ మాటకు నా చెయ్యి దిగింది. వాణ్ణి బతికించింది నా మంచితనం కాదు, రేపటి ట్రిప్పు.

6. పరంధామయ్య గారి కాలు మోకాలి కింద తీసేశారు. ఆయన భార్య వరలక్ష్మమ్మ గారు ఆస్పత్రి వరండాలో నన్ను చూసి రెండు చెంపలూ వాయించారు. నేను నిలబడి కొట్టించుకున్నాను. కొట్టి కొట్టి ఆమే నా మెడ పట్టుకుని ఏడ్చారు. లోపల ఆయన తెలివితోనే ఉన్నారు.

"ఎర్రగా కాలిన ఇనప్పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డాను. ఒంటి మీద మచ్చ పడనేదు. బడిగోడ పక్కన కాలు పోయింది సూడు" అన్నారు. ఆ వెంటనే, "రేపు మనోళ్ళు ఎలాగెల్తారు?" అని అడిగారు.

బండి ముక్కలైంది, నడిచి వెళ్తాం అన్నాను.

"అయితే అందరూ నడండి. ఇద్దరు ముగ్గురు నడిస్తే గుద్దేస్తారు" అన్నారు.

7. అందరం నడిచాము. మా వీధి, వెనక వీధి, మేము పిలవనివాళ్ళు కూడా. పిల్లలు మధ్యన, పెద్దవాళ్ళం అంచుల్లో, సైకిళ్ళు చేత్తో తోసుకుంటూ మగవాళ్ళు. రోడ్డు సగం నిండింది. బడిగోడకు చాలా ముందే శ్యామసుందర్ తన కారులో వచ్చి మా వెనక హారన్ మోగించాడు. ఎవరూ తప్పుకోలేదు. కారు ముందుకు దూకించాడు. చివరనున్న ఒకామె తొడకు తగిలి ఆమె పడిపోయింది. ఆగి, మళ్ళీ దూకించబోయాడు.

అప్పుడు జనం కారు మీద పడ్డారు. అద్దాలు పగిలాయి. తలుపు తీసి అతన్ని కాలర్ పట్టి కిందికి లాగారు. ముక్కు పగిలి చొక్కా అంతా నెత్తురైంది. ఎవరో పెద్ద రాయి ఎత్తారు. నేను వద్దనలేదు. నాకు వద్దనాలనిపించలేదు. అడ్డం వచ్చింది మా ఆయన. జన్మలో ఎవరి మీదా గొంతెత్తని మనిషి, అతని మీద పడుకుని, "ఒరే, సంపొద్దురా! నడిపించండ్రా! ఈడికి నడకేటో తెలీదు, నడిపించండి!" అని అరిచాడు.

నడిపించాము. చెప్పులు ఎక్కడో పోయాయి. ఉత్తి కాళ్ళతో, రోడ్డు వైపు అంచున. పరంధామయ్య గారు ఉండే చోట. లారీలు అతని మోచేతిని రాసుకుంటూ పోయాయి. ఒక్కో లారీకి అతను మా మీదికి ఒరిగిపోయాడు. మేము మళ్ళీ అంచుకు నెట్టాము. బడిగోడ మలుపులో ఎదురుగా బస్సు వచ్చేసరికి మమ్మల్ని తోసుకుని కాలువ అంచుకు దూరి, "ఇక్కడ ఎలా నడుస్తారు వదినా? చచ్చిపోతారు కదా!" అన్నాడు.

అచ్చమ్మ తన కొంగు చించి అతని ముక్కుకు అడ్డం పెట్టుకోమని ఇచ్చింది. సెక్టర్ 2 చేరాక వదిలేశాము. తిరిగి ఎలా వెళ్ళాడో మేము చూడలేదు.

8. ప్రస్తుతము నాపై హత్యాయత్నము కేసు, మా వీధివారిపై దొమ్మీ కేసు నడుచుచున్నవి. మనోజ్‌కుమార్‌పై ప్రమాదవశాత్తు గాయపరిచినట్టు మాత్రమే నమోదైంది. నా కేసు కొట్టివేయించమని తమరిని అడగడం లేదు. అది కోర్టు చూసుకుంటుంది. అతనిది ప్రమాదం కాదని, నన్ను చూసి మరీ తిప్పాడని ఈ రోడ్డు గురించి తమరు పైకి పంపే నివేదికలో రాయవలసిందిగా ప్రార్థన.

9. కాబట్టి తమరు దయయుంచి, ఆ రోడ్డు పొడవునా నడిచేవారికీ సైకిళ్ళకూ వేరు దారి వేయించి, దానికీ బళ్ళ రోడ్డుకూ మధ్య వ్యాను గుద్దినా వంగని ఇనుప స్తంభాలు పాతించవలెను. వట్టి తెల్లగీత గీయించవద్దు. మా సెంటర్లో షేర్ రిక్షాలకు స్టాండు ఇప్పించవలెను. బడిగోడ మలుపులో కాలువ పైన పలకలు వేయించి అరుగు కట్టించవలెను. తమరు ఒకరోజు పొద్దున్న కారు దిగి, పిల్లలు బడికి వెళ్ళే వేళకు మాతో ఆ మలుపు దాటవలెను. తమరిని రోడ్డు వైపు నడవమనము. లోపలి వైపే నడిపించెదము.

మా వీధివారందరి తరఫున ఈ మనవి తమ ముందుంచితిని. నెత్తురు మరకలున్న మాటలను క్షమించి, అసలు సంగతిని చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జీరాడ రత్నం

తా.క. ఈ అర్జీ ముగించి కవరులో పెట్టాక మళ్ళీ తీసి ఇది రాస్తున్నాను. బండి బాగై వచ్చింది. ఇవాళ మొదటి ట్రిప్పుకు సెంటర్లో ఆపితే మనోజ్‌కుమార్ నిలబడి ఉన్నాడు. చేతికి సిమెంటు కట్టు. చెయ్యి పనికిరాదని శ్యామసుందర్ పనిలోంచి తీసేశాడట. వ్యాన్ల వాళ్ళెవరూ ఎక్కించుకోవడం లేదట. "దీదీ, అస్పతాల్ దాకా" అన్నాడు.

"ఆడెక్కితే నాను దిగిపోతాను" అంది అచ్చమ్మ.

నాకు కలిగింది కోపమో భయమో తెలియలేదు అయ్యా. వెనక వద్దు, నా పక్కన నా కళ్ళ ముందు కూర్చో అన్నాను. కూర్చున్నాడు. అచ్చమ్మ దిగలేదు. బడిగోడ మలుపులో వెనకనుంచి చెయ్యి చాపి వాడి తల మీద గట్టిగా ఒక్కటి వేసింది. వాడు తిరిగి చూడలేదు. నేను బండి ఆపలేదు.

ఆస్పత్రి దగ్గర దిగాక వాడితో చెప్పాను, నీ మీద కేసు తియ్యను, అర్జీలో నీ పేరు కూడా కొట్టెయ్యను అని. తల ఊపాడు. కోర్టు వాయిదాకి ఎలా వెళ్తావురా అని అడిగాను.

"నీ బండిలోనే వస్తాను దీదీ" అన్నాడు.