పాత విద్యార్థుల దెబ్బల సంచిక

జగిత్యాల, 2-8-1989

రాజనర్సు సార్‌కు పాదాభివందనాలు.

మొదటి ఉత్తరంలో సంగతంతా రాశాను కదా. మీ చేతి దెబ్బలు తిన్నవాళ్లం ఇరవై మందిమి జమయ్యాం. ఎవరిని ఎందుకు కొట్టారో రాసి పెట్టాం. మీ సంజాయిషీ కూడా కావాలి. నెలాఖరు ఆదివారం మీ ఇంటికి వస్తాం.

ఇట్లు,
బాధ్యుడు

తా.క. ఎర్రసిరాతో ఎందుకు రాశానో మీకే తెలుసు. విషయం బయటికి పొక్కనీయకండి.

కోరుట్ల, 7-8-1989

అన్నలకు రాజనర్సు దండాలు.

వయసులో చిన్నవాళ్లే అయినా అన్నలనే అంటున్నాను. మొదటి ఉత్తరం అందలేదు. ఇదొక్కటే చాలు. నాకు గుంట భూమి లేదు, వడ్డీ వ్యాపారం లేదు. బతుకంతా తెలుగు చెప్పాను, అంతే. సంధులు రాలేదని ముత్యంతో గోడకుర్చీ వేయించాను. ఆనందం చెవి మెలిపెట్టాను. ఒప్పుకుంటున్నాను.

సామేలుకు మాత్రం జవాబు చెప్పలేను. సుద్దముక్కలు దొంగిలించాడని ఏడు దెబ్బలు వేశాను. "నేను తియ్యలే సార్" అంటూనే ఉన్నాడు. వారం తర్వాత అవి నా సొరుగులోనే దొరికాయి. అప్పటికే పిల్లవాడు బడి మానేశాడు. అతని తరఫున ఏ శిక్ష వేసినా సరే.

విధేయుడు,
రాజనర్సు

తా.క. "ఎంతమందొస్తరట, బియ్యం ఎన్ని పొయ్యాలె?" అని మా ఇంటావిడ లసుమవ్వ అడుగుతోంది. ఆమెకు భయమనేది లేదు.

జగిత్యాల, 12-8-1989

సార్‌కు నమస్కారాలు.

మేం నక్సలైట్లం కాదు, ఇది ప్రజాకోర్టూ కాదు. మీ పాత విద్యార్థులం. మన బడి పత్రికను ఈసారి దెబ్బల సంచికగా తెస్తున్నాం. మీరు నోట్సులు దిద్దిన గుర్తుగా ఎర్రసిరా వాడాను. మొదటి ఉత్తరం ఏ ఊరి టపా సంచిలో పడిందో. మీ జవాబు చదివి ముందు నవ్వాం, తర్వాత సిగ్గుపడ్డాం. మీ ఉత్తరాన్నే మొదటి పేజీలో వేసుకుంటాం, సరేనా?

ఇట్లు,
బాధ్యుడు

తా.క. గోడకుర్చీ ముత్యం ఇప్పుడు హెడ్ కానిస్టేబుల్. 'అన్నలకు దండాలు' అని చదవగానే వాడికే మొదట చెమట పట్టింది.

కోరుట్ల, 17-8-1989

చిరంజీవులకు ఆశీస్సులు.

ప్రాణం లేచొచ్చింది. వేసుకోండి, కానీ ముందు సామేలును అడగండి. అతను సరేననకపోతే సంచికలో నా పేరే వద్దు. అప్పట్లో అతని ఇంటివాళ్లు సిరిసిల్లలో మరమగ్గాల సాంచాల పనికి పోయారంటే రెండుసార్లు వెళ్లి వెతికాను. తంగళ్ళపల్లి దాకా నడిచాను. దొరకలేదు. ఆ "తియ్యలే సార్" ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మీ సారు,
రాజనర్సు

తా.క. లసుమవ్వ బియ్యం చెరిగి పెట్టేసింది. మీరు రాకపోతే ప్రజాకోర్టు మా ఇంట్లోనే జరుగుతుంది.

జగిత్యాల, 21-8-1989

సార్‌కు వెయ్యి దండాలు.

సామేలు సరేనన్నాడు. ఈ ఉత్తరాలు రాస్తున్నది వాడే. మొహం చెల్లక పేరు దాచాను.

నేను అబద్ధమాడాను సార్. ఐదు సుద్దముక్కలు తీసింది నేనే. భయపడి నాలుగు మీ సొరుగులో పెట్టాను. మర్నాడే మా నాయిన పనికోసం సిరిసిల్ల తీసుకుపోయాడు, అక్కడి బడిలో చేరాను. మీ దెబ్బలకు చదువు మానలేదు. మీరు నాకోసం ఊళ్లు తిరిగారని చదివి ఏడ్చాను. ఈ మాట ఎట్ల చెప్పాలో తెలియకనే దెబ్బల సంచిక పెట్టాను. తప్పు నాది, క్షమించండి.

మీ
సామేలు

తా.క. ఐదో ముక్కతో మా చెల్లె కొమురమ్మకు అ ఆలు దిద్దించాను. ఇప్పుడు చందుర్తిలో పిల్లలకు తెలుగు చెబుతోంది. మీకంటే గట్టిగా కొడుతుందట.