తాడు చివర నాగయ్య మామ

ఆదివారం, బీదర్

నడుముకి తాడు కట్టొద్దని ఒక్క మాట అనలేకపోయాను. క్లబ్బులో ఆటల బాధ్యత నాదే కదా! తాడు లాగే పోటీ పెట్టినప్పుడల్లా మావాళ్ళు బరువైన మనిషిని చివర నిలబెట్టి, తాడు అతని నడుముకి చుడతారు. ఇవాళ ఆ మనిషి నాగయ్య మామ. అత్త పోయాక ఇల్లు కదలని ఆయన్ని బతిమాలి, బండి మీద మైదానానికి తీసుకెళ్ళింది నేనే.

"గట్టిగ కట్టుండ్రి, నేనేం కదల్తనా!" అన్నాడు. ఆయనలో అంత హుషారు చూసి ఎన్నాళ్ళయిందో.

ఓడిపోతున్నామని తెలియగానే అవతలి జట్టు నవ్వుతూ తాడు వదిలేసింది. ప్రతిసారీ చేసే తమాషానే. మా జట్టంతా వెనక్కి, మామ మీదికి పడింది.

తుంటి విరిగింది. ఆస్పత్రిలో ఆయన కోడలు నన్ను తిట్టినా బాగుండేది. "పొద్దుగాల్నే లేచి అంగీ ఇస్త్రీ చేసుకుండు అన్నా. ఇగ నడుస్తడో లేదో అంటుండ్రు" అని మాత్రం అంది.

వచ్చే నెల కోట చుట్టూ నడక పెట్టాలి. ఏ మొహం పెట్టుకుని, ఎవరి ఇంటికెళ్ళి పిలవను?

క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఇవాళ్టి పోటీ వీడియో ఇంకా తిరుగుతోంది. తీసేయమని రాద్దామని తెరిచి, మళ్ళీ చూశాను. అందరూ నవ్వుతున్నారు. కిందపడ్డ మామ కూడా నవ్వుతున్నాడు. లేవలేనని ఆయనకింకా తెలియదు.