గడియ తీసిన చప్పుడు

దిల్‌సుఖ్‌నగర్,
20 సెప్టెంబర్ 2011

ప్రియమైన సూర్యప్రభ వదినకు,

నుదుటి కుట్లు విప్పారా? మోచేయి ఎలా ఉంది? ఫోన్ చేస్తే నువ్వు ఏడుస్తావు, అది విని నేను ఏడుస్తాను, ఇద్దరి బ్యాలెన్సూ అయిపోతుంది. అందుకే ఉత్తరం. ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, కలం పడితే పుస్తకం భాషే వస్తుంది, నవ్వకు.

ఇక్కడ సకల జనుల సమ్మె. బస్సులు లేవు, బడులు లేవు, కరెంటు దాని ఇష్టం. మా ఆయనకు డిపోలో పని లేదు కదా, రోజంతా నా వెనకే తిరుగుతున్నాడు. గంటకోసారి "జర చాయ్ పెట్టరాదు" అంటాడు. నువ్వు లేక ఇల్లు బావురుమంటోందని శ్రీరామమూర్తి అన్న బ్యాంకు నుంచి నడుచుకుంటూ వచ్చి రాత్రి మా ఇంట్లోనే తింటున్నాడు. నిన్న తనే ఉప్మా చేసి తెచ్చాడు. మా ఆయన గిన్నె మూత తీసి, "ఏంది బావా, గిది ఉప్మానా, గోడకు పెట్టే లప్పమా?" అన్నాడు. అయినా ఇద్దరూ గిన్నె ఖాళీ చేశారు.

అసలు సంగతి. నీ గొలుసు దొంగ తెంపుకుపోయాక ఎస్సై మన కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెట్టాడు. కొంగు మెడ చుట్టూ కప్పుకోమన్నాడు. బండి మీద వచ్చి అడ్రస్ అడిగితే దూరం నుంచే చెప్పమన్నాడు. బండి నంబరు చూడమన్నాడు. "ఎవరన్నా అరిస్తే తలుపులు తీసి బయటికి రాండ్రి అమ్మా. దొంగ భయపడేది గదానికే" అన్నాడు. అందరూ తలలూపారు. నేను చీర కుచ్చిళ్లు సర్దుకున్నాను.

ఇకనుంచి ఎవరికైనా ఆపదొస్తే పళ్లెం మీద గరిటెతో మోగించాలని తీర్మానించాం. ఆలోచన నాదే!

అన్న బల్ల మీద తెనాలికి బదిలీ దరఖాస్తు చూశాను. నువ్విక రానని ఒట్టు పెట్టావట. నిజమేనా వదినా?

నీ జవాబు కోసం పోస్ట్‌మ్యాన్ వెంటపడుతున్న,
అండాలమ్మ

తెనాలి,
25 సెప్టెంబర్ 2011

ప్రియమైన అండాలు వదినకు,

ఎదురుగా ఉంటే "గిట్ల, గట్ల" అనే మనిషివి, ఉత్తరంలో ఎంత బుద్ధిమంతురాలివో! చదివి మా చెల్లెలు కూడా నవ్వింది. లప్పం ఉప్మా తిన్న మీ ఆయన కడుపు బాగానే ఉందా?

దరఖాస్తు నేనే పెట్టమన్నాను. ఈ నెల కాదుగానీ, వచ్చే నెలాఖరులోగా ఇచ్చెయ్యమన్నాను. ఇక్కడందరూ టీవీ చూసి, "ఆ గొడవల్లో ఎలా ఉంటావే?" అంటున్నారు. గొడవలకి నేనెందుకు భయపడతాను? జై తెలంగాణ అని అరిచొచ్చి మీ ఆయన గొంతు తడుపుకునేది నా కాఫీతోనేగా!

నా భయం వేరు. ఆ పొద్దున పాల ప్యాకెట్ పట్టుకుని వస్తుంటే వెనకనుంచి మెడ మీద చెయ్యి పడింది. ఈడ్చుకుపోయి గేటుకేసి కొట్టాడు. పేర్లు పెట్టి మరీ అరిచాను. పదహారిళ్ల గల్లీలో ఒక్క తలుపు తెరుచుకోలేదు. గొలుసు పోతే పోయింది, ఆ మూసిన తలుపులే రోజూ కళ్ల ముందుకొస్తున్నాయి. నువ్వు మార్కెట్‌కి వెళ్లానన్నావు. ఇంట్లో ఉంటే వచ్చేదానివే కదూ?

ప్రేమతో,
నీ సూర్యప్రభ

దిల్‌సుఖ్‌నగర్,
1 అక్టోబర్ 2011

ప్రియమైన వదినకు,

నా పళ్లెం పథకం గంగలో కలిసింది. విను.

బుధవారం పొద్దున బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే నంబరు లేని బండి మీద ఇద్దరు వచ్చి ఆగారు. ఒకడు ఎదురింటి తిరుపతమ్మను అడ్రస్ అడుగుతూ మెడ వైపే చూస్తున్నాడు. నాకు ఒళ్లు మండింది. పళ్లెం తెచ్చి ధనధనా మోగించాను.

గల్లీ గల్లీ అంతా బయటికొచ్చింది వదినా! అయితే అందరి చేతుల్లోనూ పళ్లాలే. సమ్మెకు మద్దతుగా రోజూ సాయంత్రం మోగిస్తున్నాం కదా, ఇవాళ పొద్దున్నే మొదలైందనుకున్నారు. ఒకరిని చూసి ఒకరు మోగిస్తూ, "జై తెలంగాణ" అంటూ చౌరస్తా వైపు నడక మొదలుపెట్టారు. నేను పైనుంచి "దొంగలు! దొంగలు!" అని మొత్తుకుంటే ఎవరికి వినపడుతుంది?

ఆ బండివాళ్లిద్దరూ పిడికిళ్లెత్తి మాకంటే గట్టిగా "జై తెలంగాణ" అన్నారు. మా ఆయన ముందుకొచ్చి, "జరుగుండ్రి, తమ్ముళ్లకు తొవ్వ ఇయ్యిండ్రి" అని దగ్గరుండి సాగనంపాడు. తిరుపతమ్మ గొలుసు మాత్రం దక్కింది, అదొక్కటే నయం. ఇంటికొచ్చాక మా ఆయనకు రెండు రోజులు చాయ్ బంద్ చేశాను.

ఇప్పుడు పళ్లాలు రద్దు. డ్రిల్లు మాస్టర్ల దగ్గరుండే విజిళ్లు తెప్పించాం. గల్లీలో ప్రతి ఆడమనిషి మెడలోనూ ఒకటి వేలాడుతోంది. ఎవరిని చూసినా ఫుట్‌బాల్ ఆడించడానికి బయల్దేరినట్టే ఉన్నారు.

నువ్వు వస్తే బాగుంటుంది. ఇంతకంటే రాయడం చేతకావడం లేదు.

నీ అండాలమ్మ

తెనాలి,
6 అక్టోబర్ 2011

ప్రియమైన అండాలు వదినకు,

దసరా పూట పూజలో కూర్చుని కూడా మీ ఆయన దొంగల్ని సాగనంపడం గుర్తొచ్చి నవ్వాను. కుట్టు పడిన చోట లాగింది కూడా. ఇంత నవ్వి నెల దాటింది.

కానీ నేనడిగిన మాటకి జవాబు రాయలేదు నువ్వు. పోనీ, ఇంకోటి అడుగుతాను. ఆ రోజు మార్కెట్లో ఏం కూర కొన్నావు?

దరఖాస్తు మీద సంతకం పెట్టెయ్యమని ఆయనకి మళ్లీ చెప్పాను.

ఉంటాను,
సూర్యప్రభ

దిల్‌సుఖ్‌నగర్,
13 అక్టోబర్ 2011

ప్రియమైన వదినకు,

దొంగ దొరికాడు! పచ్చిపులుసులో దొరికాడు!

నిన్న సమ్మెకు మద్దతుగా మెయిన్ రోడ్డు మీద వంటా వార్పు చేశాం. మన గల్లీ మొదలు నుంచి రోడ్డంతా రాళ్ల పొయ్యిలు, గుండిగలు. పచ్చిపులుసు నా వంతు. శ్రీరామమూర్తి అన్న కూడా వచ్చి, "ఎలాగూ ఇక్కడే తింటాను, ఉల్లిపాయలు నేను తరుగుతాను" అని కూర్చున్నాడు. పులుసులో ఉప్పు తక్కువైందని నేను ఇంటికి వచ్చాను. ఉప్పు డబ్బా తీసుకుని తలుపు దాకా వచ్చేసరికి బయట కేక. పక్కింటి పై పోర్షన్‌లో కిరాయికి దిగిన జ్యోతిక అనే పిల్ల గొంతు.

తలుపు తీశాను. విజిల్ ఊదుతూ ఉరికాను. ఇంకో విజిల్, ఇంకో విజిల్, అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. వాడు బండి తిప్పి మెయిన్ రోడ్డు వైపు దూకించాడు. అక్కడ పొయ్యిలు చూసి బ్రేకు కొట్టాడు. జారి వచ్చి నా గుండిగలో కూర్చున్నాడు. నిజంగానే కూర్చున్నాడు వదినా! అన్న వెంటనే బండి తాళం లాగేశాడు. ఉల్లిపాయలకు అన్న కళ్లు ఎర్రగా ఉన్నాయి కదా, వాటిని చూసి వాడు సగం చచ్చాడు. మా ఆయన, "నలభై మంది పులుసు ఖరాబ్ చేసినవ్ గదరా!" అని గరిటె ఎత్తితే నేనే ఆపి పోలీసులకు అప్పజెప్పించాను. జ్యోతిక క్షేమం.

వదినా, ఇగ పుస్తకం భాష నాతోని కాదు. నోటికొచ్చినట్టే రాస్తున్న. ఆ రోజు నేను మార్కెట్‌కు పోలే. ఇంట్లనే ఉన్న. నువ్వు "అండాలూ" అని ఒర్లుడు విన్న. తలుపు కాడికి ఉరికొచ్చిన. వాని చేతుల కత్తి గిట్ల ఉంటదేమోనని భయపడ్డ. తీయాల్సిన గడియ పెట్టుకున్న. బండి సప్పుడు పోయినంక వెనక తలుపుకెళ్లి బయటవడి, చేతిల సంచి పట్టుకొని, అప్పుడే వస్తున్నట్టు నీ తాన కూసున్న. నీ నెత్తురు తుడుసుకుంట అబద్ధం చెప్పిన. నిన్న గూడ నా చెయ్యి ముందుగాల గడియ పెట్టడానికే పోయింది. నీ గొంతు యాదికొచ్చింది. అప్పుడు తీసిన.

దొంగ దొరికిండని కాదు, గిది చెప్పకుంటే అన్నం పోతలేదని రాస్తున్న. నువ్వు రాకున్నా సరే, నన్ను తిట్టి ఒక్క ఉత్తరం రాయి.

నీ ముందల తల వంచుకున్న,
అండాలు

తెనాలి,
17 అక్టోబర్ 2011

నా బంగారు వదినా,

నాకు తెలుసు.

నేలమీద పడి ఉన్నప్పుడు నీ తలుపు గడియ పడిన చప్పుడు విన్నాను. నీ చేతి సంచిలో ఒక్క కొత్తిమీర కట్టయినా లేదని కూడా చూశాను. తెనాలి పారిపోయి వచ్చింది దొంగకి జడిసి కాదు, ఆ చప్పుడు మర్చిపోలేక. ఇరవై ఏళ్ల స్నేహం, నువ్వు ఒక్కసారి నిజం చెబితే చాలనుకున్నాను. నేనుగా అడగలేక కూర గురించి అడిగాను.

నిన్ను తిట్టే ముందు నా సంగతి కూడా చెప్పాలి. మూడేళ్ల క్రితం తిరుపతమ్మని కొట్టి పర్సు లాక్కుపోయిన రోజు గుర్తుందా? ఆవిడ అరుపు నాకు బాగా వినపడింది. నేను వెళ్లి మిక్సీ వేశాను. గిన్నెలో ఏమీ లేదు వదినా, ఖాళీ మిక్సీ! మోతలో వినపడలేదని ఆవిడతో చెప్పాను. ఈ మాట ఇంతవరకూ మా ఆయనకి కూడా తెలియదు. వచ్చాక ముందు ఆవిడ దగ్గరికి వెళ్తాను, నువ్వు పక్కనుండు.

అవును, వస్తున్నాను! బస్సులు మళ్లీ నడుస్తున్నాయట. దరఖాస్తు చింపెయ్యమని ఆయనకి పొద్దున్నే ఫోన్ చేశాను. ఉప్మా చెయ్యొద్దని కూడా చెప్పాను.

శనివారం పొద్దున ఎల్‌బీ నగర్‌లో దిగుతాను. ఎవరూ ఎదురు రావద్దు. గల్లీ మొదట్లో ఆటో దిగి, పాల ప్యాకెట్ కొనుక్కుని, ఆ రోజు నడిచిన దారినే నడిచి వస్తాను. నీ గేటు దగ్గర నిలబడి నీ పేరు పెట్టి గట్టిగా అరుస్తాను.

గడియ తియ్యి.

నీ సూర్యప్రభ